ఇప్పచెట్టు కింద మా వ్యాను

మా పెళ్లయిన ముప్పై ఏళ్లలో నేనూ మా ఆయనా వరుసగా రెండు రోజులు ఒకే ఇంట్లో ఉన్నది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలను. ఆయన బస్సు డ్రైవరు. నేను వరంగల్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సును. ఆయనకు నైటౌట్ డ్యూటీ పడిన రోజు నాకు పగటి షిఫ్టు ఉండేది. నేను నైట్ షిఫ్టు చేసి పొద్దున ఇంటికొచ్చేసరికి ఆయన టిఫిను డబ్బా పట్టుకుని గేటు దగ్గర చెప్పులేసుకుంటూ కనిపించేవాడు. "అన్నం వండిన, కూర నువ్వు జూస్కో" అని ఆయన, "బిడ్డకు జెరం తగ్గిందా?" అని నేను. మా కాపురంలో సగం మాటలు ఆ గేటు దగ్గరే అయిపోయాయి. గొడవ పడడానికి కూడా మాకు తీరిక దొరకలేదు.

ఆయన నన్ను "సిస్టరమ్మా" అని పిలుస్తాడు. పెళ్లికి ముందు ఒకసారి చెయ్యి విరిగి మా వార్డుకొచ్చినప్పుడు అందరితో పాటు తనూ అలాగే పిలిచాడు. తర్వాత రెండు ఇళ్లవాళ్లూ మాట్లాడుకున్నారు, చర్చిలో పెళ్లయింది, బిడ్డ పుట్టింది, ఆ బిడ్డకూ పెళ్లయి ఇద్దరు పిల్లలు. పిలుపు మాత్రం మారలేదు. పెళ్లాన్ని సిస్టరమ్మా అంటుంటే కొత్తవాళ్లు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తారు.

ఆయన నాకంటే ఏడాది ముందు రిటైరయ్యాడు. నా ఆఖరి డ్యూటీ రోజు, దండ, శాలువా, ఒక గోడ గడియారం పట్టుకుని నేను ఆటో దిగేసరికి మా గేటు ముందు పసుపు రంగు స్కూలు వ్యాను ఒకటి నిలబడి ఉంది.

"ఏందయ్యా ఇది?"

"మనదే."

"మనకెందుకు? బడి వెడ్తవా?"

"ముందు ఎక్కు, చెప్త."

ఎక్కాను. లోపల సీట్లు లేవు. కిటికీల కింద రేకు మీద పిల్లలు మేకుతోనో కంపాసుతోనో గీసిన గీతలున్నాయి. ఒక చోట పిల్లి, ఒక చోట ఏడో ఎక్కం సగం దాకా. కింద నేల మీద మా ఆయన సుద్దముక్కతో గళ్లు గీసిపెట్టాడు. ఒక గడిలో నిలబడి, "ఇది మంచం. నువ్వు కిటికీ దిక్కు పండుకుంటవు" అన్నాడు. ఇంకో గడిలోకి జరిగి, "ఇది పొయ్యి. ఇక్కడ నీళ్ల క్యాను. కింద బియ్యం డబ్బా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కానీ ఆయన నవ్వడం లేదు.

"ఇన్నేండ్లు ఎవలెవలినో ఏడికేడికో తీస్కపోయిన సిస్టరమ్మా. నిన్ను ఏడికీ తీస్కపోలే" అన్నాడు, సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ.

నేను వెంటనే సరే అనలేదు. రెండు రోజులు ఆలోచించాను. నా భయం దొంగలో, పాములో కాదు. నర్సును కాబట్టి సిగ్గుపడకుండా చెప్తాను, నా భయమంతా బాత్రూం గురించే. మగవాళ్లకు చెట్టు చాటు చాలు, మాకు అలా కుదరదు కదా. రెండో రోజు సాయంత్రం ఆ మాట అడిగేశాను. ఆయన వ్యాను వెనక తలుపు తీసి చూపించాడు. మూతున్న ఒక గట్టి బకెటు, దాని మీద కూర్చునేందుకు నునుపుగా చిత్రిక పట్టిన చెక్క, వాడాక పైన చల్లడానికి పక్కన సంచి నిండా రంపపు పొట్టు, నాలుగు కర్రలకు తొడిగి నిలబెట్టే గుడ్డ గది. మంచం ఇంకా చెయ్యలేదు, పొయ్యి ఇంకా కొనలేదు. ఆయన మొట్టమొదట తయారు చేసింది ఇదే. దాన్ని చూశాక నాకు వద్దనడానికి నోరు రాలేదు.

మా వీధిలోని వడ్రంగి, మా ఆయన కలిసి రెండు నెలలు పనిచేశారు. రవాణా ఆఫీసులో కాగితాలు మార్పించుకోవడానికి మరో నెల పట్టింది. పసుపు రంగు పోయి తెల్లరంగు వచ్చింది. నేను నా యూనిఫాం చీరలు కత్తిరించి కిటికీలకు కర్టెన్లు కుట్టాను. హన్మకొండలో ఉండే మా బిడ్డ వచ్చి చూసి, "ఈ వయసుల ఇదేం పిచ్చి మమ్మీ?" అని నెత్తి పట్టుకుంది. దాని పిల్లలు మాత్రం మంచం మీద ఎగిరి ఎగిరి దుంకి, మళ్లీ దిగమంటే దిగలేదు. పోయేటప్పుడు అది వాళ్ల నాన్నతో, "డాడీ, రోజూ లొకేషన్ పెట్టాలె. పెట్టకపోతే నేను వెతుక్కుంట వస్త" అని గట్టిగా చెప్పి పోయింది.

మొదటిసారి దూరం వద్దన్నాను. పాలకుర్తి పోదామన్నాడు.

పొద్దుగూకే వేళకు అక్కడి గుడి గుట్ట కింద బండి ఆపాం. మంచం ఇరుకు. ఆయన మోచెయ్యి నా పక్కటెముకల్లో, నా మోకాలు ఆయన వీపులో. ఎట్లాగో నిద్రపోయాం. తెల్లవారుజామున ఆయన వెనక తలుపు రెండు రెక్కలూ తెరిచాడు. నేను పొయ్యి వెలిగించి పాలు పెట్టి, చెక్క మెట్టు మీద కూర్చున్నాను.

తెల్లవారడమంటే నాకు తెలిసింది వేరు. వార్డులో థర్మామీటర్లు విదిలించుకుంటూ ఒక్కొక్క మంచం దగ్గరికీ పోవడం, చార్టులు రాయడం, సెలైన్ బాటిళ్లు మార్చడం, పగటి షిఫ్టు వాళ్లకు అప్పజెప్పడం. కిటికీ అద్దాలకు వేసిన తెల్ల పెయింటు కొంచెం కొంచెంగా బూడిద రంగు తిరిగితే, ఓ, తెల్లారింది అనుకునేదాన్ని. అది రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇక్కడ నా ఎదురుగా గుట్ట ముందు ఒట్టి నల్లటి ముద్దలా ఉంది. చూస్తుంటే దానికి అంచు వచ్చింది. అంచు మీద చెట్లు ఒక్కొక్కటే వేరుపడ్డాయి. తర్వాత గుట్ట నెత్తి మీద ఉన్న బండరాయి ఒక్కటి, ఆ ఒక్కటే, ఎర్రగా వెలిగింది. మిగతాదంతా చీకట్లోనే ఉంది. వెలుతురు పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఒక రాయి, దాని కింద పొద, దాని కింద ఇంకో రాయి. ఎంత నెమ్మదిగా దిగుతోందంటే దిగుతున్నట్టు కనబడదు, కానీ చూసిన ప్రతిసారీ ఇంకాస్త కిందికి వచ్చి ఉంటుంది. యాభై ఎనిమిదేళ్లు ఈ లోకంలో బతికాను. రోజూ ఇదంతా ఇలా జరుగుతోందని నాకు ఎవరూ చెప్పలేదు. నా ఒళ్లంతా జలదరించింది. చేతులు రెండూ వాటంతట అవే జోడించుకున్నాయి. ప్రార్థన మాటలేవీ నోటికి రాలేదు.

"పాలు పొంగుతున్నయ్ సిస్టరమ్మా!" అని ఆయన అరుస్తున్నాడు. నేను తల తిప్పలేదు.

పక్కనే పూలూ కొబ్బరికాయలూ సర్దుకుంటున్న ఒకామె నన్ను చూసి నవ్వింది.

"ఏం జూత్తానవమ్మా గట్ల?"

"పొద్దు వొడుస్తాంది."

"రోజూ వొడిసేదే గదా."

"నేను చూల్లే అక్కా, ఇన్నేండ్లు" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత చేతిలో ఉన్న పూలదండ అట్లాగే పట్టుకుని, తనూ గుట్ట వైపు తిరిగి కాసేపు నిలబడిపోయింది.

ఆ తర్వాత నాకు ఇల్లు కాళ్లకు అడ్డం పడుతున్నట్టు అనిపించేది. నెలకు నాలుగు రోజులన్నది వారమైంది, వారం పదిహేను రోజులైంది. కొన్నాళ్లకు మేం ఇంట్లో ఉన్న రోజులకంటే వ్యానులో ఉన్న రోజులే ఎక్కువయ్యాయి. అలా ఉన్నాక అసలు సంగతి బయటపడింది. మేం ఇద్దరం ఒకరికొకరం కొత్త.

ఆయన నాలుగింటికే లేచి నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూస్తాడు. బండి కదిలేముందు ఎవరూ లేకపోయినా "రైట్ రైట్" అంటాడు. బయలుదేరే టైం పది అంటే పది, ఒక్క నిమిషం దాటనివ్వడు. నేనేమో దుప్పటి మూలలు ఆసుపత్రి మంచానికి మడిచినట్టు మడిస్తేగాని ఊరుకోను. ప్రతి డబ్బా మీద చీటీ అంటిస్తాను. గంటకోసారి ఫినాయిల్ గుడ్డతో తుడుస్తాను. ఆయన ఉప్పు వెతుక్కోవాలంటే నా చీటీలు చదవాలి, చదవాలంటే కళ్లద్దాలు కావాలి, కళ్లద్దాలు ఎక్కడున్నాయో నాకే తెలియాలి. అంత చిన్న గదిలో ఒకరి కోపం పోయి కూర్చోవడానికి కూడా ఇంకో మూల లేదు.

అసలు గొడవ కేసముద్రం దారిలో అయింది. పొలంలో కొంగలు దిగి ఉన్నాయి, పదీ ఇరవై కాదు, నేలంతా తెల్లగా. "ఆపు, ఆపు" అన్నాను. ఆయన ఆపలేదు. ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ కనిపించాయి. మళ్లీ అడిగాను.

"ఇక్కడెట్ల ఆపుత, స్టాపు గాదు" అన్నాడు, ముందుకే చూస్తూ.

ఆ మాట ఆయన నోట్లోంచి అలవాటుగా వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. కేసముద్రం మార్కెట్ యార్డు పక్కన ఆయన బండి ఆపీ ఆపగానే, "నేను నీ ప్యాసింజర్‌ను గాదు!" అని అరిచాను.

"మరి డ్రైవర్‌వా?" అన్నాడు ఆయన.

పర్సు తీసుకుని దిగిపోయాను. రైలెక్కి ఇంటికి పోతానని చెప్పి, స్టేషను దారి పట్టాను.

యార్డులోంచి అడ్డంగా పోతే దగ్గరని దాంట్లోంచి నడిచాను. రెండు పక్కలా మక్కల రాశులు, మనిషెత్తుకు పైన. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మొక్కజొన్న గింజల పసుపు కళ్లలోకి కొడుతోంది. ఒక రాశి పక్కన గొడుగు గుచ్చుకుని కూర్చున్న రైతామె నన్ను పిలిచింది.

"ఎండల గట్ల ఉరుకుతానవేంది? జర ఇటు గూసో."

కూర్చున్నాను. ఆమె నీళ్ల సీసా అందించి, నా కాళ్ల వైపు చూసి, "కొట్లాడి వచ్చినవా?" అంది.

"నీకెట్ల ఎర్క?"

"చేతుల సంచి లేదు. కాళ్లకేమో ఇంట్ల దొడుక్కునే చెప్పులు."

కిందికి చూసుకున్నాను. నిజమే, వ్యానులో తిరిగే రబ్బరు చెప్పులతోనే వచ్చేశాను.

"మా ఆయన, నేను ఇంతకుముందు ఎన్నడు కొట్లాడుకోలే అక్కా" అన్నాను.

"గంత మంచోడా?"

"మంచోడే. అయినా కొట్లాటకు టైం దొర్కలే."

ఆమె పడీ పడీ నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి కొంగుతో తుడుచుకుంది. నాకూ నవ్వు రాబోయింది గానీ బిగబట్టుకున్నాను. అప్పుడే రాశుల సందులోంచి, యార్డు గేటు అవతల మా వ్యాను కనిపించింది.

ఆయన బయటికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. నేను ఆయనకు కనిపించను. లోపలికి పోయి నా దిండు తెచ్చి ముందు అద్దం మీద ఎండకు పెట్టాడు. కాసేపటికి వచ్చి తిరగేశాడు. తర్వాత నేను బయటికి వేసుకునే తోలు చెప్పులు తీసుకొచ్చి, ఒకదానికొకటి కొట్టి దుమ్ము దులిపి, మెట్టు దగ్గర పక్కపక్కన పెట్టాడు. నేను వచ్చి నేరుగా కాళ్లు దూర్చుకునేటట్టు తిప్పి పెట్టాడు. ఆ పక్కనే మెట్టు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, దారి వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆపరేషన్ థియేటర్ బయట అలా కూర్చునే భర్తలను ఎంతమందిని చూశానో. తలుపు తీసి బయటికి వచ్చిన ప్రతిసారీ వాళ్ల కళ్లు నా ముఖం మీద పడేవి. ఒక మనిషి కోసం ఇంకో మనిషి ఎంతగా కాచుకుని ఉంటాడో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరనుకునేదాన్ని. నా కోసం కూడా ఒక మనిషి అలా కూర్చుంటాడని, ఇన్నేళ్లూ నేను నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో ఆ గేటు దగ్గర కూడా ఆయన అలాగే కూర్చుని ఉండేవాడేమోనని, మక్కల రాశి పక్కన కూర్చున్నదాకా నాకు తట్టనే లేదు. నా గుండె నిండిపోయింది. ముప్పై ఏళ్ల నుంచి పక్కనున్న మనిషిని చూసి అంత ఆశ్చర్యపోతానని ఎప్పుడూ అనుకోలేదు.

"పో, ఎండకు మాడుతాండు పాపం" అంది రైతామె.

వెళ్లాను. ఆయన లేచి నిలబడ్డాడు. నేను తోలు చెప్పుల్లో కాళ్లు పెట్టి, "నాకు డ్రైవింగ్ నేర్పుతవా?" అని అడిగాను.

"క్లచ్చు మీదికెల్లి కాలు బిరాన తియ్యొద్దు. అంతే. దేనికీ ఫికర్ జెయ్యకు" అన్నాడు.

కోత అయిపోయిన చెలకల్లో, ఖాళీ మైదానాల్లో నేర్పాడు. నాకు లైసెన్సు వచ్చేసరికి చలికాలం పోయింది. మార్చిలో ములుగు వైపు పోదామనుకున్నప్పుడు, ఊరు దాటాక స్టీరింగు నాకిచ్చి ఆయన ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి పది నిమిషాలు ఆయన కుడికాలు ఉత్త నేలను తొక్కుతూనే ఉంది. తర్వాత చప్పుడు లేదు. నిద్రపోయాడేమోనని చూస్తే, కిటికీలోంచి తల బయట పెట్టి ఉన్నాడు.

"సిస్టరమ్మా, ఈ రోడ్డు పక్కన గింత పెద్ద గుట్ట ఉన్నదా?"

"నువ్వే గదా ఇన్నేండ్లు ఇటు తిరిగింది."

"నేను రోడ్డు జూసిన" అన్నాడు.

అడవి మొదలయ్యేచోట మోదుగులు పూసి ఉన్నాయి. ఆకు ఒక్కటి లేకుండా చెట్లకు చెట్లే నిప్పంటుకున్నట్టు ఉన్నాయి. ఆయన ఆ పక్క కిటికీలోంచి ఈ పక్క కిటికీలోకి చిన్నపిల్లాడిలా తిరుగుతున్నాడు. "ఆపు, జర ఆపు" అన్నాడు. అది స్టాపు కాదు. ఆపాను. ఆయన దిగి రోడ్డు పక్కన నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఆ ఎరుపును చూస్తూ చాలాసేపు ఉన్నాడు.

సాయంత్రానికి అడవిలోపల ఒక చిన్న గూడెం చేరాం. టీ కొట్టు దగ్గర అడిగితే, ఊరి చివర ఎక్కడైనా పెట్టుకోమన్నారు. చేను గట్టున ఒక పెద్ద చెట్టు, దాని కింద శుభ్రంగా ఊడ్చిన నేల కనిపించాయి. చెత్తా చెదారం లేదు, ఎండుటాకు లేదు. "చూడు, మన కోసమే ఊడ్చినట్టున్నది" అన్నాడు మా ఆయన. అక్కడే ఆపి, అన్నం తిని పడుకున్నాం.

తెల్లవారుజామున టాపు మీద చప్పుడుకు మెలకువ వచ్చింది. టప్. కొంచెం ఆగి, టప్. సెలైన్ చుక్కలు లెక్కపెట్టినట్టు నాకు తెలియకుండానే లెక్కపెట్టసాగాను. చుక్కలు ఎక్కువయ్యాయి. టప్ టప్ టప్.

"వానా?" అన్నాను.

"కోతులు" అన్నాడు ఆయన, దుప్పట్లోంచి.

తలుపు తీశాను. ముందు వాసన వచ్చింది. బెల్లం పాకంలా, పులిసిన పండులా, చిక్కగా. కింద నేల లేదు. నిన్న ఊడ్చి ఉన్న నేలంతా వెన్న రంగు పూలు. పూరేకులు విడిపోయే పూలు కావవి. ద్రాక్షపండ్లంతేసి, గుండ్రంగా, కండగలవి. చెట్టు మీంచి ఒక్కొక్కటే సూటిగా జారి పడుతున్నాయి. పడ్డచోట పడ్డట్టు ఉండిపోతున్నాయి. గాలి లేదు, ఎవరూ కొమ్మలూపడం లేదు. ఏ పువ్వు ఎప్పుడు రాలాలో చెట్టుకే తెలిసినట్టు వదిలేస్తోంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఎవలు మీరు? నా చెట్టు కింద బండి వెట్టిండ్రేంది?"

గంప చంకన పెట్టుకుని ఒకామె వచ్చింది. అరవై అయిదేళ్లుంటాయి, సన్నగా నిటారుగా ఉంది. కోపంగా ఉంది.

మా ఆయన గబగబా దిగబోయి, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక మెట్టు మీదే ఆగాడు. "తప్పయింది అక్కా. ఎర్కలేక పెట్టినం. ఇప్పుడే తీస్త."

"ఆగు తమ్మీ, ఆగు! బండి కదిలిత్తే చక్రాల కింద పువ్వంత నలుగదా? రాలుడు అయిపోయేదాంక కదల్చకు. నిన్న మాపు ఇంత కష్టపడి ఊడ్చిన ఇప్పపువ్వు కోసం. సగం పువ్వు నీ బండి నెత్తి మీదనే పడె."

అప్పుడు తెలిసింది మాకు, ఆ ఊడ్పు ఎవరి కోసమో. గూడెంలో ఒక్కో ఇంటికి కొన్ని చెట్లుంటాయట. తాతల నాటి నుంచి ఏ చెట్టు ఎవరిదో అందరికీ తెలుసట. మేం సరిగ్గా ఆమె చెట్టు కిందే దూరాం.

"నేను పైకెక్కి ఏరిస్త అక్కా" అన్నాను.

"నువ్వా?" అంది ఆమె, నా తెల్ల జుట్టు వైపు చూసి.

వ్యాను వెనక ఇనుప నిచ్చెన ఉంది. సామాను కట్టడానికి మా ఆయన ఎక్కేవాడు గానీ నేను ఎన్నడూ ఎక్కలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కాను. ఆయన కింద నుంచి, "పైలం, పైలం" అంటూ పట్టుకున్నాడు. నా వెనకే ఆమె గంపతో సహా నాకంటే చులాగ్గా ఎక్కింది.

టాపు నిండా పూలు. మోకాళ్ల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. నా నెత్తి మీద ఒకటి పడింది. భుజం మీద ఒకటి. వంచిన వీపు మీద, మెడ మీద చల్లగా, కొంచెం బరువుగా. ఒకటి సరిగ్గా నా అరచేతిలో పడింది. "తిను" అంది ఆమె. నోట్లో వేసుకుంటే తేనెలా ఉండి, చివర కాస్త వగరు తగిలింది.

తలెత్తి చూశాను. వెలుతురు వచ్చింది. ఆ ఎత్తు మీంచి చూస్తే అడవిలో ఎంత దూరం కనబడితే అంత దూరం ఇప్పచెట్లున్నాయి. ప్రతి చెట్టు కిందా వంగిన మనుషులు, గంపలు. ఎవరూ కేకలు పెట్టడం లేదు. మాటలు లేని ఆ నిశ్శబ్దంలో చప్పుడు వినిపించింది. మా చెట్టుది ఒక్కటే కాదు, అన్ని చెట్లదీ. దగ్గరగా టప్ టప్ మని, దూరంగా మెత్తగా, ఇంకా దూరంగా ఉందో లేదో అన్నట్టు. అడవి అడవంతా రాలుతోంది. బైబిల్లో ఆకాశం నుంచి మన్నా అనే తిండి కురిసిందని చిన్నప్పుడు ఆదివారం బడిలో చెప్తే, అది ఎట్లా ఉంటుందో ఊహించుకోలేక టీచరమ్మను పదిసార్లు అడిగి విసిగించాను. ఇదిగో, ఇట్లా ఉంటుంది అనిపించింది. నా కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. పూలు ఏరే చేతులు ఆగిపోయాయి.

"ఏమైంది చెల్లె?" అంది ఆమె.

"ఏం గాలేదక్కా. రోజూ గిట్లనే పడ్తదా?"

"ఎండకాలం పడినన్ని దినాలు పడ్తది." నన్ను కాసేపు చూసి, మెత్తగా అంది, "నాకు గూడ సూడ ముచ్చటనే. పొద్దుగాల్ల వచ్చి జరసేపు ఉత్తగ నిలవడ్త. ఎవలకు చెప్పకు, పని దొంగ అంటరు."

పూలు రాలడం ఆగేసరికి ఎండెక్కింది. అప్పుడు బండిని పక్కకు తీసి, చెట్టు నీడ అంచున, పూలు పడని చోట పెట్టుకున్నాం. ఒక్కరోజు ఉండి పోదామని వచ్చినవాళ్లం తొమ్మిది రోజులున్నాం. పొద్దున నేనూ మా ఆయనా ఆమెతో పాటు ఏరేవాళ్లం. నడుము పట్టేస్తే ఆయన కింద బోర్లా పడుకుని చేతికందిన మేర ఏరేవాడు, ఆమె నవ్వేది. నేను నర్సునని తెలిసి, పదిగంటలకు గూడెంలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపితే బీపీ చూసేదాన్ని. ఎక్కువున్నవాళ్లకు ములుగు దవాఖానకు పోవాలని చెప్పేదాన్ని. పోయారో లేదో మళ్లీ అడిగేదాన్ని. మా బిడ్డ ఫోన్ చేసి, "లొకేషన్ కదుల్తలేదు, బండి చెడిపోయిందా?" అని కంగారు పడింది. "చెట్టు పూస్తాంది బిడ్డా" అన్నాడు వాళ్ల నాన్న. అదేం జవాబో దానికి అర్థం కాలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆమె మా బండి లోపల చూస్తానంది. ఎక్కి, కుళాయి తిప్పి నీళ్లు వస్తే నవ్వింది. డబ్బాల మీది చీటీలు వేలితో తడిమింది. "మా పటేలు ఇంట్ల గూడ ఇంత సాఫు లేదు" అంది. మంచం మీద చెయ్యి ఒత్తి చూసింది.

"పండుకో అక్కా, ఎట్లున్నదో చూడు" అన్నాను.

"అయ్యో, ఒళ్లంత మన్ను."

"దుప్పటి ఉతుక్కుంటది గని, పండుకో."

పూల కాలం మొదలైనప్పటి నుంచి ఆమె రోజూ కోడి కూయకముందే లేస్తోంది. జింకలు, ఎలుగులు వచ్చి తినకముందే చెట్టు చేరాలట. సంకోచిస్తూనే వాలింది. కాళ్లు మంచం బయటికి పెట్టుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, "మెత్తగ ఉన్నది చెల్లె. మా కోడలు చూత్తే..." అంటూ ఆగిపోయింది. ఏమంటోందోనని వంగి చూస్తే నిద్రపోయింది. నేను చిన్న ఫ్యాను ఆమె వైపు తిప్పి, నెమ్మదిగా దిగి తలుపు దగ్గరగా వేశాను.

మా ఆయన బయట నీడలో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. నేను నోటి మీద వేలు పెట్టి సైగ చేశాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి చప్పుడు రాకుండా చేశాడు. ఎండలో ఆరబోసిన ఇప్పపూలు వెన్న రంగు పోయి, ఎండుద్రాక్షలా ముదురుతున్నాయి. కాసేపటికి ఆమె కోడలు వెతుక్కుంటూ వచ్చింది. "మా అత్త గిటు వచ్చిందా?" అని అడగబోతే, ఆయన వ్యాను వైపు చూపించాడు. కోడలు తలుపు సందులోంచి తొంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెండ్లయి ఈ ఇంటికి వచ్చి పద్నాలుగేండ్లయె. మా అత్త పగటిపూట పండుకోంగ ఇప్పుడే చూత్తాన" అని గుసగుసగా అంది.

తర్వాత ఆ పిల్ల కూడా మా పక్కన గోనెసంచి మీద కూర్చుంది. ఆమె లేచేదాకా మేం ముగ్గురం అక్కడే ఉన్నాం.